తిరగేసే మామయ్య, మూడు కాలేజీలు

తిరగేసే మామయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. కంటికి కనిపించిన వస్తువునల్లా తలకిందులు చేసి దాని అడుగు చూడాలి. చూడకపోతే ముద్ద దిగదు.

కుర్చీ చూపించి "కూర్చోండి" అంటే ఆయన కూర్చోడు, కుర్చీని తిరగేస్తాడు. బల్లయితే దాని కిందికి దూరతాడు. మరీ బరువైన మంచమైతే తానే నేల మీద వెల్లకిలా పడుకుని, జరుక్కుంటూ లోపలికి పోతాడు. అందుకే చుట్టాలిళ్ళల్లో ఆయన మొహం కన్నా పాదాలు ఎక్కువమందికి తెలుసు. మేనకోడలు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు టీచరు "మీ కుటుంబం బొమ్మ గీయండి" అంటే, ఆ పిల్ల అమ్మనీ నాన్ననీ గీసి, పక్కన ఒక బల్ల గీసి, బల్ల కింద రెండు పాదాలు గీసింది. "ఇవెవరివే?" అని టీచరు అడిగితే "మా మామయ్య" అంది.

ఆయన వృత్తి వడ్రంగం. కొత్త సామాను చేయడు, బడుల్లో విరిగిన బెంచీలు బాగుచేస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. "పైన పాలిష్ ఎవడైనా కొడతాడమ్మా. నిజం అడుగునుంటుంది" అంటాడు. చెవి వెనక ఎప్పుడూ ఒక లావు పెన్సిలు. అడుగు చూశాక, వస్తువు గట్టిగా ఉంటే అక్కడే ఒక సున్నా చుడతాడు. విరిగేలా ఉంటే ఇంటూ వేస్తాడు. బళ్ళో సున్నా వస్తే ఫెయిలు, మామయ్య దగ్గర సున్నా వస్తే ఫస్టు క్లాసు. ఈ తేడా తెలియక చాలామంది పెద్దమనుషులు నొచ్చుకున్నారు.

"ఇంటూ వేసేబదులు, ఆ మాటేదో ఆ ఇంటివాళ్ళకి చెప్పొచ్చు కదా మామయ్యా?" అని మేనకోడలు ఒకసారి అడిగింది.

"చెప్తే చిన్నబుచ్చుకుంటారు తల్లీ. ఇంటికొచ్చి కుర్చీకి వంక పెట్టాడంటారు. తర్వాత వచ్చే వడ్రంగి చూసుకుంటాళ్ళే."

"ఈలోపు ఎవరైనా కూర్చుంటేనో?"

"కూర్చోనిస్తానా!"

ఎలా కూర్చోనివ్వడో మాత్రం చెప్పలేదు. ఆయన పన్ను పీకించుకోవడానికి వెళ్ళినరోజు జరిగింది ఊరంతా చెప్పుకున్నారు. పన్ను పీకేటప్పుడు ఎవరైనా తమ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంటారు. ఈయన నోరు తెరిచి పడుకుని, చెయ్యి కిందికి చాచి, డాక్టరు స్టూలు కాలు పట్టుకున్నాడు. అరగంట సేపు వదల్లేదు. "ఇంత పిరికివాణ్ణి నా సర్వీసులో చూళ్ళేదు" అన్నాడు డాక్టరు. మామయ్య నోట్లో దూది ఉండటం వల్ల ఏమీ అనలేదు.

ఈ మనిషంటే మేనకోడలి తండ్రికి పడదు. ఆయన కోర్టులో రికార్డు గది గుమస్తా. చీటీ కట్టని వస్తువునీ, తేదీ వేయని కాగితాన్నీ ఆయన నమ్మడు. బావమీద ఆయనకున్న కోపానికి కూడా పక్కా రికార్డుంది, ఇరవై నాలుగేళ్ళది.

అప్పట్లో మామయ్య తన చెల్లెలి సంబంధం మాట్లాడటానికి వీళ్ళింటికి వచ్చాడు. హాల్లో నాలుగు కుర్చీలున్నాయి. ఆ తర్వాతి కథ తండ్రి నోటనే వినాలి. ఇంటికి ఎవరొచ్చినా చెప్తాడు, పోస్టుమాన్‌తో సహా.

"కాఫీ తెచ్చేలోపు నాలుగు కుర్చీలూ తిరగేశాడండీ! సరే, వృత్తి అనుకున్నాం. నేను వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబోతున్నాను. పెళ్ళికొడుకుననే గౌరవమైనా లేకుండా, నన్ను ఒక్క తోపు తోసి, తానే వెళ్ళి అందులో కూలబడ్డాడు. కూలబడ్డమేమిటి, కూలిపోయాడు! కాలు విరిగింది. కుర్చీదేలెండి. కాఫీ అంతా చొక్కా మీదే. మా మేనత్త పదేళ్ళుగా నవ్విన మనిషి కాదు, ఆవిడ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. నాలుగు కుర్చీలు పరీక్షించి, ఏరి ఏరి విరిగేదాంట్లో కూర్చున్న వడ్రంగి ప్రపంచంలో ఈయనొక్కడే!"

ఆ కుర్చీని ఆయన పారేయలేదు. విరిగిన కాలుని దానికే తాడుతో కట్టి, అట్టముక్క మీద తేదీ, సమయం రాసి తగిలించి, సామాన్ల గదిలో పెట్టి తాళం వేశాడు. "ఇలా ఇవ్వండి బావగారూ, పావుగంటలో బాగుచేస్తాను" అని మామయ్య ఎన్నిసార్లడిగినా ఒకటే జవాబు.

"సాక్ష్యాన్ని ఎవరైనా రిపేరు చేయిస్తారా బావగారూ?"

ఇలా ఉండగా మేనకోడలు టీచరవుతానంది. దానికీ ఒక కథ ఉంది. పక్కింటి టీచరమ్మకి జ్వరమొస్తే, ఒక్క గంట మూడో తరగతి చూడమని ఈ అమ్మాయిని పంపింది. ముప్ఫై రెండు మంది పిల్లలు, అరవై నాలుగు కళ్ళు. అమ్మాయికి పాఠం పోయింది, మాట పోయింది. ముందు బెంచీలో పిల్ల "మీ పేరేంటి టీచర్?" అంటే, గబగబా హాజరు పట్టీ తెరిచి తన పేరు కోసం వెతికింది. పిల్లలు నవ్విన నవ్వు ఇప్పటికీ ఆమె చెవుల్లో మోగుతూనే ఉంది. ఇంకొకరైతే ఆ పనికో దండం పెట్టి ఊరుకునేవారు. ఈమె మాత్రం ఇంటికొచ్చి "నేర్చుకుంటాను" అంది.

బీఎడ్‌కి మూడు కాలేజీల్లో సీటు వచ్చింది. శనివారం సాయంత్రం ఐదు గంటల్లోపు ఏదో ఒకదానికి తండ్రి సంతకంతో ఫారం ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడూ పోతాయి.

"అద్దాల కాలేజీ! ఇంక మాట్లాడుకోవడానికేముంది? ఆరంతస్తులు" అన్నాడు తండ్రి.

"నాకు పిల్లల ముందు నిలబడటం రావాలి నాన్నా. అది ఎక్కడ నేర్పుతారో అక్కడికి వెళ్తాను."

"అన్నయ్యని ఒకసారి మూడూ చూసి రమ్మంటే?" అంది తల్లి.

తండ్రి గుక్కపట్టి నవ్వాడు. "నాలుగు కుర్చీల్లో మంచిదేదో తేల్చుకోలేనివాడు మూడు కాలేజీల్లో తేలుస్తాడా!"

అయినా బుధవారం పొద్దున్నే మామా మేనకోడళ్ళు బయల్దేరారు.

అద్దాల కాలేజీలో ఎటు చూసినా తమ మొహమే కనబడింది. డైరెక్టరుగారు స్వయంగా ఎదురొచ్చి, ప్రపంచ స్థాయి అనే మాట నాలుగుసార్లు అన్నాడు. మామయ్య "బెంచీలు చూస్తాం" అన్నాడు. నాలుగో అంతస్తులో నమూనా తరగతి గదికి తాళం వేసుంది. తాళంచెవి దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి అది వాచ్‌మన్ సైకిలు తాళంతో కలిసి ఉంది. "ఈ గది ఎవరూ అడగరండీ" అన్నాడు వాచ్‌మన్, డైరెక్టరు కళ్ళు ఉరిమేలోపే.

మామయ్య బెంచీ తిరగేశాడు. కాళ్ళకి కొట్టువాడు చుట్టిన ప్లాస్టిక్ కాగితం చుట్టినట్టే ఉంది.

"కొని మూడేళ్ళయింది. చూడండి, ఎంత జాగ్రత్తగా వాడుతున్నామో!" అన్నాడు డైరెక్టరు.

"చాలా జాగ్రత్తండీ. కూర్చోకుండా వాడుతున్నారు."

డైరెక్టరు అమ్మాయి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అటెండెన్స్ గురించి బెంగ పెట్టుకోకమ్మా. రావడం, రాకపోవడం నీ ఇష్టం. వచ్చినట్టు రాయడం మా బాధ్యత."

"మరి పిల్లలకి పాఠం చెప్పడం సార్?"

"అదీ చెప్పినట్టే రాస్తాం."

బయటికొచ్చాక అమ్మాయి అడిగింది. "మామయ్యా, సున్నా వేయలేదు, ఇంటూ వేయలేదు. ఏమిటి సంగతి?"

"వాడని వస్తువుకి మార్కేమిటి తల్లీ? అది బెంచీ కాదు, బెంచీ ఫోటో. పైన పటారం, లోన లొటారం."

గురువారం క్రమశిక్షణ కాలేజీ. గేటు నుంచి గది దాకా పదకొండు బోర్డులు, పదకొండూ ఏదో ఒకటి చేయరాదనేవే. లోపల బెంచీలన్నీ నేలకి బోల్టులు వేసి బిగించారు. మామయ్యకి ఒళ్ళు మండిపోయింది. "బెంచీకి సంకెళ్ళా!" అని అక్కడికక్కడే పడుకుని లోపలికి జరిగాడు.

అప్పటికి అక్కడ నాలుగో తరగతి పాఠం నడుస్తోంది. చెప్పేది బీఎడ్ చదివే ఒక అమ్మాయి. వినే పిల్లలు కూడా బీఎడ్ చదివేవాళ్ళే. వెనక ఒక నిండు మీసాలాయన చిన్న బెంచీలో ఇరుక్కుని కూర్చుని, చెయ్యెత్తి సన్నగొంతుతో అన్నాడు. "టీచర్, వీడు నన్ను గిల్లాడు!"

"బావుంది. ఇంకాస్త అల్లరి" అంది పక్కన నిలబడ్డ లెక్చరర్, పుస్తకంలో ఏదో రాసుకుంటూ.

మేనకోడలు ఆమె దగ్గరికెళ్ళి మెల్లిగా అడిగింది. "మేడమ్, నిజం పిల్లలు ఉండరా?"

"పిల్లలా? పిల్లల్ని రానిస్తే క్రమశిక్షణ ఏమైపోవాలి?"

సరిగ్గా అప్పుడే మీసాలాయన కాళ్ళ దగ్గర్నుంచి "మోకాళ్ళు!" అని ఒక కేక వినబడింది. మీసాలాయన ఈసారి నటించకుండానే నాలుగో తరగతి పిల్లాడిలా కెవ్వుమన్నాడు. బెంచీ కింద నుంచి మామయ్య తల బయటికొచ్చింది.

"ఈ రాతబల్ల అడుగున రంగంతా మోకాళ్ళు రాసుకునే పోయిందమ్మాయ్. పసిపిల్లల మోకాళ్ళు ఇంత పైకి రావు. ఇక్కడ పిల్లాడనేవాడు కూర్చుని ఎన్నేళ్ళయిందో!"

తర్వాత జరిగింది చెప్పక్కర్లేదు. వాచ్‌మన్ వెంటబడితే, "పరుగెత్తరాదు" అనే బోర్డు ముందు నుంచే ఇద్దరూ పరుగెత్తారు.

శుక్రవారం పాత కాలేజీకి వెళ్ళేసరికి అమ్మాయికి ఆశ చచ్చిపోయింది. బస్సుల షెడ్డు వెనక పెచ్చులూడిన గోడలు, సగం అక్షరాలు రాలిన పేరుబోర్డు. వాకిట్లో ఒకావిడ డస్టర్ని గోడకేసి కొడుతోంది. జుట్టు మీదా భుజాల మీదా సుద్దపొడి. ఆవిడే ప్రిన్సిపాల్.

"బెంచీలు చూస్తారా? చూడండి. అవతల మా బడి ఉంది, పిల్లలు ఇప్పుడే ఆటకి వదిలారు. అడుగు చూడాలంటే మూడో తరగతిది చూడండి" అంది.

అడుగు చూస్తానని మామయ్య ఇంకా అననేలేదు. ఆయన ఆవిడ వంక ఒక్క క్షణం అలాగే చూసి లోపలికి నడిచాడు. బెంచీ కిందికి దూరినవాడు ఎంతకీ బయటికి రాడే!

"మామయ్యా! ఏమైంది?"

"నువ్వు కూడా రా అమ్మాయ్."

ఇరవై రెండేళ్ళ పిల్ల అటూ ఇటూ చూసి, సిగ్గు పక్కనపెట్టి పడుకుని లోపలికి జరిగింది. మామయ్య ప్రపంచాన్ని ఆమె లోపల్నుంచి చూడటం అదే మొదటిసారి. బెంచీ అడుగంతా పెన్సిలు రాతలు. వంకర టింకర అక్షరాలు.

"కళ్ళజోడు అక్క లెక్కలు బాగా చెప్తుంది. శుక్రవారం వెళ్ళిపోతుంది. వెళ్ళకూడదు."

"గళ్ళ చొక్కా సార్ పాఠం మర్చిపోయాడు. మేమే గుర్తు చేశాం."

"పొడుగు సార్‌కి మొదటిరోజు చెయ్యి వణికింది. మేం నవ్వలేదు."

ఆ చివరిది అమ్మాయి రెండుసార్లు చదివింది. ఏడుపొచ్చేసింది. కానీ వెల్లకిలా పడుకుని ఏడిస్తే నీళ్ళు చెవుల్లోకి పోతాయని ఆపుకుంది.

"ఇక్కడ పిల్లలున్నారమ్మాయ్. వాళ్ళ ముందు నిలబడేవాళ్ళూ ఉన్నారు" అన్నాడు మామయ్య.

పైనుంచి ప్రిన్సిపాల్ గొంతు వినిపించింది. "పిల్లలు అవి రహస్యమనుకుంటారు. మా వాళ్ళకి పాఠాల మార్కులు వేసేముందు ప్రతి ఏడూ నేనూ అక్కడే పడుకుని చదువుతాను. నేనొక్కదాన్నీ వేస్తే సరిపోతుందా?"

మామయ్య చెవి వెనక పెన్సిలు తీసి, పిల్లల రాతలకి తగలకుండా, ఒక మూల సున్నా చుట్టాడు. పక్క బెంచీకి కాలు వదులైంది. దానికి ఇంటూ వేసి, సంచీలోంచి పనిముట్లు తీసి, బాగుచేసి, ఇంటూ చెరిపేసి అప్పుడు లేచాడు.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి తండ్రి అద్దాల కాలేజీ ఫారం ముందు పెట్టుకుని, పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. పక్కన పాత కాలేజీ ఫారం ఖాళీగా ఉంది. మామయ్య ఎక్కడున్నాడో వేరే చెప్పాలా? భోజనాల బల్ల కింద నుంచి పాదాలు కనబడుతున్నాయి.

"ఇంతకీ ఆ పాత కొంపకి మీ మామయ్య ఎంత వేశాడు?"

"సున్నా."

"చూశావా! ఆయనకే నచ్చలేదు."

"సున్నా అంటే ఫస్టు క్లాసు నాన్నా. బెంచీల కింద పిల్లలు రాసింది నేను కూడా చూశాను."

"బెంచీల కింద!" తండ్రి ఛర్రున లేచాడు. "బెంచీల కింద చూసి కాలేజీలో చేరేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? ఉండు, ఈయనగారి పరీక్షల సంగతి ఇప్పుడే తేల్చేస్తాను."

విసవిసా సామాన్ల గదిలోకి వెళ్ళి, ఇరవై నాలుగేళ్ళ కుర్చీని దుమ్ముతో సహా ఎత్తుకొచ్చి హాలు మధ్యలో పెట్టాడు. చీటీ వేలాడుతోంది. "ఇదీ మీ మామయ్య ఎంపిక! చూడు, కళ్ళారా చూడు!"

అమ్మాయి చూసింది. అయితే మూడు రోజులు మామయ్యతో తిరిగిన పిల్ల కదా, చెయ్యి ఊరుకోలేదు. కుర్చీని తిరగేసింది.

అడుగున, దుమ్ము కింద, పెన్సిలుతో వేసిన ఇంటూ ఉంది.

అమ్మాయి దాని మీది దుమ్ము వేలితో తుడిచి అడిగింది. "నాన్నా, ఈ కుర్చీ విరిగాక ఎవరైనా ముట్టుకున్నారా?"

"ముట్టుకోనిస్తానా? ఆయన కింద పడీ పడగానే నా చేతులతో ఎత్తి, అప్పటికప్పుడు చీటీ కట్టి, తాళం వేశాను. తాళంచెవి ఇప్పటికీ నా మొలతాడుకే ఉంది!"

"మామయ్య కూడా ముట్టుకోలేదా?"

"అసలాయన్నే కదా ముట్టుకోనివ్వంది!"

"అయితే ఈ ఇంటూ ఎప్పుడు వేసినట్టు?"

తండ్రి కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. అది ఎవరి గీతో, దాని అర్థమేమిటో ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. ఒకసారి చీటీ చూశాడు, ఒకసారి ఇంటూ చూశాడు. జీవితమంతా సాక్ష్యాలు కాపలా కాసిన మనిషి, అబద్ధం చెప్పలేకపోయాడు.

"పడకముందే" అన్నాడు నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో. "అంటే, విరుగుతుందని తెలిసే కూర్చున్నాడా? ఎందుకు?"

అందరూ బల్ల కింది పాదాల వైపు తిరిగారు. పాదాలు కాస్త ఇబ్బందిగా కదిలాయి.

"మరి మీరు కూర్చోబోతున్నారు కదండీ బావగారూ" అంది బల్ల. "మీ మేనత్తగారు అప్పటికే రెండు సంబంధాలు వంకలు పెట్టి తిప్పి పంపారని విన్నాను. పెళ్ళికొడుకు పడితే, పిల్ల ఇంట్లో కాలుపెట్టకముందే ఇలా అయిందంటుంది, సంబంధం చెడిపోతుంది. పిల్ల అన్న పడితే నవ్వుతుంది. నవ్వింది కూడాను."

ఇరవై నాలుగేళ్ళ కాపురం ఒక్క కుర్చీ కాలు మీద నిలబడిందని తల్లికి అప్పుడే తెలిసింది.

"విరుగుతుందని ఒక్క మాట చెప్తే పోయేది కదయ్యా!" అన్నాడు తండ్రి.

"మొదటిసారి మీ ఇంటికొచ్చి, మీ కుర్చీకి వంక పెట్టమంటారా?"

"పోనీ, తర్వాతైనా చెప్పొచ్చుగా? ఇన్నేళ్ళలో!"

"ఎవరొచ్చినా మీరు ఆ కథ చెప్పి అంత హాయిగా నవ్వుకుంటుంటే, పాడుచేయడం దేనికని."

తండ్రి అద్దాల కాలేజీ ఫారాన్ని రెండుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాత కాలేజీది తీసుకుని కూర్చోబోయి ఆగాడు. వంగి, తన కుర్చీ కింద ఒకసారి చూసుకున్నాడు. సున్నా ఉంది. అప్పుడు కూర్చుని సంతకం పెట్టాడు.

అమ్మాయి ఐదుకి పది నిమిషాలుండగా ఫారం ఇచ్చేసి, ఆరు దాటాక ఇల్లు చేరింది. హాల్లో పాత కుర్చీ నాలుగు కాళ్ళ మీద ఠీవిగా నిలబడి ఉంది. చీటీ మాత్రం విప్పలేదు. తిప్పి చూస్తే దాని వెనక తండ్రి గుండ్రటి చేతిరాతలో ఆ రోజు తేదీ, కింద "కేసు కొట్టివేయడమైనది" అని ఉంది.

ఇంట్లో మనుషుల అలికిడి లేదు. భోజనాల బల్ల కింద నుంచి మాత్రం నాలుగు పాదాలు కనబడుతున్నాయి. ఒక జత ఆమె ఒకటో తరగతిలో గీసినదే. రెండో జతకి కోర్టుకి వేసుకెళ్ళే నల్ల మేజోళ్ళున్నాయి.

"బావగారూ, ఈ మూలనున్నది ఇంటూనేనా?"

"కాదండీ బావగారూ. సాలీడు. అటు జరగండి, మీ ముక్కు మీదికే వస్తోంది."